తప్పిపోయిన కుమారుడి కథ అక్కకెందుకు చెప్పారు: ఒక కుటుంబ సలహా కేసు

నేపథ్యం

క్రైస్తవ సంఘాలతో కలిసి కుటుంబ సలహా ఇచ్చే పని నాది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి బైబిలు కొత్త కాదు, ఉపమానాలన్నీ చిన్నప్పటి నుంచి విన్నవే. చిక్కు కూడా అక్కడే ఉంటుంది. వాళ్లు నా ఎదుట కూర్చునే సరికే ఎవరో ఒకరు ఆ కథల్లో ఒకదాన్ని వాళ్ల మీద ప్రయోగించి ఉంటారు. ఈ కేసు అలాంటిదే. ఇందులో ఉన్న ముగ్గురూ రాయడానికి ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్నిటిని మార్చాను.

అక్కకు యాభై దగ్గరపడ్డాయి. పెళ్లి చేసుకోలేదు. తండ్రి పోయాక తల్లి బాధ్యతంతా ఆమెదే అయింది. తల్లికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం స్పష్టంగా ఉంది, జ్ఞాపకశక్తి అంతకంటే బాగుంది. తమ్ముడు తండ్రి బతికుండగానే తన వాటా డబ్బుగా పట్టుకుని వెళ్లిపోయాడు. వ్యాపారం మునిగింది, తాగుడు పట్టుకుంది, తండ్రి సమాధి కార్యక్రమానికి కూడా రాలేదు. చాలా ఏళ్ల తర్వాత తాగుడు మానేసి ఇంటికి తిరిగొచ్చాడు, సంఘంలో నిలబడి తాను ఎలా మారాడో సాక్ష్యం చెప్పాడు. తల్లి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కొన్నాళ్లకు, మిగిలిన ఇంట్లోనూ అతనికి సగం రాయాలనే మాట మొదలుపెట్టింది.

సమస్య

అక్క తనంతట తాను రాలేదు, పంపారు. పంపినవాళ్లు నాకు చెప్పిన మాట: "ఆమె మనసు గట్టిపడిపోయింది, కాస్త మాట్లాడండి." ఇలా ఒక మనిషిని సమస్యగా పేరుపెట్టి పంపినప్పుడు, ఆ పేరు ఎవరు పెట్టారో ముందు తెలుసుకుంటాను.

ఆమె చెప్పినవి ఇవి. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. తమ్ముడి గొంతు వినపడితే కడుపులో తిప్పుతుంది. ప్రభువు బల్లకు, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి, వెళ్లడం మానేసింది. సంఘమంతా కలిసి ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర నోరు మూసుకుంటుంది, తర్వాతి మాట నుంచి మళ్లీ అందుకుంటుంది. పక్కన నిలబడే ఒకావిడ ఇది కనిపెట్టింది, పాస్టరుకు చెప్పింది. ఆమె నా దాకా రావడానికి అదే కారణం.

"నేను చెడ్డదాన్నైపోయానండీ" అంది. కోపం ఒకటి, కోపం వచ్చినందుకు సిగ్గు ఇంకొకటి. రెండోదే ఆమెను ఎక్కువగా తినేస్తోంది.

తప్పిపోయిన కుమారుడి ఉపమానం ఆమెకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు: తన వాటా పట్టుకెళ్లి పాడుచేసి తిరిగొచ్చిన చిన్న కొడుక్కి తండ్రి విందు చేస్తాడు, ఇంట్లోనే ఉండి పనిచేసిన పెద్ద కొడుకు కోపపడతాడు. ప్రసంగంలో విన్నది, బంధువుల నోట విన్నది, తల్లి మంచం పక్కన రోజూ విన్నది. దానికి తోడుగా "సమాధానపరచువారు ధన్యులు" అనే మాట. "బల్ల దగ్గరికి వచ్చేముందు నీ తమ్ముడితో సమాధానపడు" అనే మాట. మీకేం కావాలని అడిగితే, "నన్నెవరూ ఏమీ అడక్కుండా ఉంటే చాలు" అంది.

మొదటి నిర్ణయం

క్షమాపణ గురించి మొదట్లో మాట్లాడకూడదని అనుకున్నాను. ఆ విషయం అందరూ మాట్లాడేశారు. నేనూ అదే ఎత్తుకుంటే పంపినవాళ్ల జాబితాలో ఇంకొకరిని అవుతాను, అంతే. నిద్ర సంగతి మాత్రం ఆలస్యం చేయలేదు, వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. సరిగా నిద్రపోని మనిషికి ఏ వాక్యం చెప్పినా గద్దింపులాగే వినపడుతుంది.

రెండో పని, ఆమెకు చెప్పిన వాక్యాలను ఒక్కొక్కటిగా తీసి, అవి మొదట ఎవరితో అన్న మాటలో చూడటం. ఇది పాండిత్యం కోసం చేసింది కాదు. ఉపమానంలో సగం అర్థం వినేవాడిలోనే ఉంటుంది. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ (2 సమూయేలు 12) నాతాను ప్రవక్త చెప్పింది, ఊరియా భార్యను తీసుకుని అతన్ని చంపించిన దావీదు రాజుకు. అధికారం ఉన్నవాడు తన తీర్పు తానే చెప్పుకునేలా చేశాడు. అదే కథను ఊరియా కుటుంబానికి చెప్పి "దేవుని చిత్తం, ఓర్చుకోండి" అంటే అది దారుణం. తప్పిపోయిన కుమారుడి కథ ఉన్న లూకా 15లోని మూడు ఉపమానాలూ, యేసు పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడని సణిగిన పరిసయ్యులు, శాస్త్రులు అనే మతపెద్దలు వినేటట్టు చెప్పినవి. అంటే పెద్ద కుమారుడు ఆ కథలో చివర తగిలించిన పాత్ర కాదు, కథ గురిపెట్టింది అతని మీదే. కాబట్టి అక్కకు ఆ కథలో వినాల్సింది లేదని నేను అనను. కానీ పరిసయ్యులు ఊరందరి ముందు గౌరవం ఉన్నవాళ్లు. ఈమె రాత్రుళ్లు తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టే మనిషి. పైగా ఆమె ఒప్పుకుంటే లాభం ఎవరికి? కథ చెప్తున్నవాళ్లకే.

మత్తయి 5:23-24 సంగతి ఇంకా స్పష్టం. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి వెళ్లి సమాధానపడాల్సింది ఎవరు? తన మీద సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని జ్ఞాపకం వచ్చినవాడు. అంటే ఈ ఇంట్లో తమ్ముడు. అందరూ అక్కను వెళ్లమన్నారు. మార్కు 11:25 వేరే మాట చెప్తుంది, ప్రార్థనకు నిలబడినప్పుడు క్షమించమని బాధపడినవాడితోనే అంటుంది. దాన్ని దాచలేదు. ఆమెతో ఆ వచనం కూడా చదివాను. కానీ ఒక వచనం ఆమెది, ఇంకోటి తమ్ముడిది. రెండూ ఆమె నెత్తినే పెట్టారు.

చేసి చూసినవి, పారనివి

క్షమించని దాసుడి ఉపమానం (మత్తయి 18) ముందు తీసుకున్నాను: రాజు తన పెద్ద అప్పు వదిలేసినా, తోటిదాసుడి బాకీ వదలనివాడి కథ. కారణం ఉంది. ఆమె ఉద్యోగమే లెక్కలు రాయడం. ఉపమానం కూడా లెక్కలోనే నడుస్తుంది. ద్రాక్షతోట ఉపమానంలో ఒక దేనారం ఒక రోజు కూలి. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు. అంటే రాజు వదిలేసిన పదివేల తలాంతుల అప్పు ఆరు కోట్ల రోజుల కూలి. ఆ నిష్పత్తి చూస్తే కాస్త ఊపిరాడుతుందని అనుకున్నాను. ఆమెకు వినపడింది మాత్రం చివరి వచనాలు: బాధపరచువారికి అప్పగించడం, మీరు క్షమించకపోతే మీకూ అంతే అనడం. "నాకింకో బెదిరింపా?" అంది. అక్కడికి ఆపేశాను. అయితే ఆ లెక్కలో ఒక ముక్క ఆమె దగ్గర మిగిలింది, దాని సంగతి కిందకి వస్తుంది.

తర్వాత రోజూ తమ్ముడి పేరు పెట్టి ఒక్క వాక్యంలో దీవించమన్నాను. రోమా 12:14 ఆధారం. మనసు రాకముందే పని మొదలుపెడితే మనసు వెనకాలే వస్తుందని చాలామంది విషయంలో చూశాను. ఈమె విషయంలో రాలేదు. చెప్పినట్టే చేసింది, మాట తప్పే మనిషి కాదు. కొన్నాళ్లకు వచ్చి, "నోటితో దీవిస్తున్నానండీ, లోపల లెక్కలు వేస్తున్నాను" అంది. ఎన్నాళ్లుగానో నోరు నొక్కుకుని చేయడం అలవాటైన మనిషికి ఇంకో నోరు నొక్కుకునే పని ఇచ్చినట్టయింది. మానేయమన్నాను.

ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టిన సమావేశం కూడా ఫలించలేదు. తమ్ముడు ఏడ్చాడు, క్షమాపణ చాలా చక్కగా అడిగాడు. సాక్ష్యం చెప్పి చెప్పి అతనికి ఆ మాటలు బాగా అలవాటయ్యాయి. అబద్ధం అనను, నిజంగానే ఏడ్చాడు. తల్లీ ఏడ్చింది. అక్క లేచి ఇద్దరికీ మంచినీళ్లు ఇచ్చి, తల్లి మొహం తుడిచి, తన కుర్చీలో వచ్చి కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. గదిలో జరగాల్సింది జరిగిపోయిందని అందరూ అనుకున్నారు. నాకు ఆ పూట అర్థమైంది ఏంటంటే, కన్నీళ్లు పెట్టగలిగినవాళ్ల చుట్టూ ఈ ఇల్లు తిరుగుతోంది. కాబట్టి ఉమ్మడి సమావేశాలు పక్కనపెట్టి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలని నిర్ణయించుకున్నాను.

పనిచేసినవి

మొదటిది ఆ నూరు దేనారాలు. ఉపమానంలో తోటిదాసుడు బాకీపడ్డ సొమ్ము అది. ప్రసంగాల్లో దాన్ని "చిల్లర అప్పు" అనేస్తారు. ఆమె లెక్క వేసింది: నూరు రోజుల కూలి, వారానికి ఒక విశ్రాంతి రోజు తీసేస్తే దాదాపు నాలుగు నెలల సంపాదన. "ఇది చిన్నదేం కాదు కదండీ" అంది. కాదు. రాజు అప్పు ముందు చిన్నది, దాసుడి జేబుకు పెద్దది. కథ ఆ బాకీ లేదని అనడం లేదు, ఉందని రాసి మరీ చెప్తోంది. ఇన్నాళ్లలో తనకు జరిగింది నష్టమేనని ఆమెతో వాక్యం చదివి ఒప్పుకున్నవాళ్లు లేరు.

అక్కడి నుంచి దారి మార్చాను. మత్తయి 5లో ఎవరెవరు ధన్యులో యేసు చెప్పిన వరస చూస్తే దుఃఖపడేవాళ్లు రెండోవాళ్లు, సమాధానపరచేవాళ్లు ఏడోవాళ్లు. ఆ వరసలోనే నడవాలని నియమం ఏమీ లేదు. కానీ ఈమెను రెండోది దాటించి ఏకంగా ఏడోదాని దగ్గర నిలబెట్టారని నాకు అనిపించింది. అందుకని ఆమె నూరు దేనారాలు ఏమేమిటో రాయమన్నాను. ఎవరికీ చూపించడానికి కాదు, బాకీ వసూలుకూ కాదు. రాసుకొచ్చింది. డబ్బు గురించి రెండే లైన్లు. మిగతాదంతా వేరు: వదులుకున్న బదిలీ, వద్దనుకున్న సంబంధం, తండ్రి చివరి రాత్రి ఒక్కతే కూర్చోవడం. ఆ చివరిది చదువుతూ ఏడ్చింది. నేను వాక్యం ఏదీ ఎత్తలేదు.

ఆ తర్వాతే లూకా 15 తెరిచాం, అదీ 25వ వచనం నుంచి మాత్రమే. తమ్ముడి భాగం ఆమెకు చాలినంత తెలుసు. మెల్లగా చదువుతూ 28 దగ్గర ఆగింది. అతను కోపపడి లోపలికి వెళ్లలేదు, తండ్రే వెలుపలికి వచ్చి బతిమాలుకున్నాడు. "ఈయన బయటికొచ్చాడా?" అంది. అన్నిసార్లు విన్న కథలో అది ఆమె చెవిన పడలేదు, ఎందుకంటే చెప్పినవాళ్లు విందు దగ్గరే ఆపేశారు. చిన్న కొడుకు కోసం పరుగెత్తిన తండ్రి పెద్ద కొడుకు కోసం విందు వదిలి బయటికొచ్చాడు. కోపం వచ్చినందుకు తిట్టలేదు. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో కథ చెప్పదు.

"మరి నా కోసం ఎవరొచ్చారు?" అని అడిగింది. దేవుడు వచ్చాడు అనే జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆమె అడిగింది తల్లి గురించి. దానికి దేవుడి పేరు చెప్పి తప్పించుకోకూడదు.

ఇక ఆస్తి. అదే అధ్యాయం 12వ వచనంలో తండ్రి ఆస్తిని ఇద్దరికీ పంచేశాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం (ద్వితీయోపదేశకాండము 21:17) జ్యేష్ఠుడికి రెండు పాళ్లు. చిన్నవాడు తన పాలు ఖర్చుచేసుకున్నాడు. "నావన్నియు నీవి" అని తండ్రి పెద్దవాడితో అనగలిగింది అందుకే. చిన్నవాణ్ణి ఇంట్లోకి తీసుకున్నాడు, చెప్పులు తొడిగించాడు, విందు చేశాడు, మిగిలిన ఆస్తిని మళ్లీ రెండుగా చీల్చినట్టు మాత్రం కథలో లేదు. క్షమించడం ఒకటి, ఇల్లు రాసివ్వడం ఒకటి. తల్లి ఈ రెండిటినీ ఒకే మూటలో కట్టేయడం వల్లే, క్షమించానని అంటే సంతకం పెట్టినట్టే అవుతుందని అక్క భయపడింది. వాటా న్యాయమా కాదా అన్నది నేను తేల్చలేదు. ఆస్తి పంచమని అన్నదమ్ముల తగవు తెచ్చినవాడితో యేసే తనను పంచిపెట్టేవాడిగా ఎవరు నియమించారని అడిగాడు (లూకా 12:14). ఆ పనికి లాయరు ఉన్నారు, ముగ్గురూ వెళ్లారు. ఈ రెండు విషయాలూ విడిపోగానే ఆమె భుజాలు దిగినట్టు కనిపించాయి.

తల్లితో మాటలు

ఈ కేసులో బరువైన పని ఇక్కడే జరిగింది. పెద్దావిడ వయసు, జబ్బు దృష్టిలో పెట్టుకుని తప్పు పట్టే ధోరణిలో వెళ్లలేదు. మీ అమ్మాయిని ఎప్పుడైనా దీవించారా అని మామూలుగా అడిగాను. "దాన్ని ప్రత్యేకంగా దీవించడమేంటి, ఎప్పుడూ నా దగ్గరే ఉంటుందిగా" అంది.

వినగానే గుర్తొచ్చింది, ఇది దాదాపు ఉపమానంలో తండ్రి మాటే. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతో కూడ ఉన్నావు." తేడా అల్లా ఒక్కటే. ఆ తండ్రి ఆ మాటను బయటికెళ్లి కొడుకు మొహం మీద చెప్పాడు. ఈ తల్లి దాన్ని కూతురికి చెప్పాల్సిన అవసరం లేకపోవడానికి కారణంగా చెప్తోంది.

ఆమెకు తప్పిపోయిన కుమారుడు చదవలేదు. ఆదికాండము 27 చదివాను. తండ్రి దీవెనను తమ్ముడు యాకోబు పట్టుకుపోయాక అన్న ఏశావు వచ్చి, నీ దగ్గర ఒక్క దీవెనేనా ఉంది, నన్ను కూడా దీవించు నాన్నా అని ఎలుగెత్తి ఏడ్చే చోటు. కూతురి పేరు నేను ఎత్తలేదు. పెద్దావిడ చాలాసేపు దుప్పటి అంచు వేళ్లతో నలుపుతూ ఉండి, "అది ఎప్పుడూ అడగలేదే" అంది. అడగనివాళ్లకు కూడా కావాలి కదమ్మా అన్నాను.

ఏం చెప్పాలో తెలియదంటే సంఖ్యాకాండము 6:24-26లోని దీవెన సూచించాను. సొంత మాటలు వెతుక్కోమంటే ఆమె మళ్లీ తమ్ముడి విషయంలోకి జారుతుందని నా భయం. ఆ మూడు వచనాల్లో ఎవరి మీదా ఫిర్యాదు లేదు, షరతు లేదు. ఆరాధన చివర అందరి మీదా పలికే ఆశీర్వాదాన్ని ఒక్క మనిషికి చెప్పడం వింతేం కాదు. 1979లో యెరూషలేము దగ్గర కేతెఫ్ హిన్నోములో, పాత సమాధి గదిలో దొరికిన చిట్టి వెండి రేకు చుట్టల మీద ఈ దీవెన మాటలే ఉన్నాయి. ఒకప్పుడు వాటిని ఒంటి మీద ధరించి ఉంటారని పండితుల అభిప్రాయం. ఇంకొక్కటే కోరాను: మంచం దగ్గరికి పిలవకండి, మీరే వెళ్లండి.

చక్రాల కుర్చీలో కూతురి గది గుమ్మం దాకా వెళ్లిందట. ఎడమ చెయ్యి ఎత్తి తల మీద పెట్టి ఆ వచనాలు చెప్పింది, మధ్యలో ఒకటి మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి. ఇదంతా అక్క నాకు తర్వాత చెప్పింది. ఆ సమయంలో మీరేమన్నారు అని అడిగితే, "అమ్మా, కాలు జారింది చూసుకో అన్నాను" అని నవ్వింది. అడుగుపలక మీద నుంచి జారిన పాదాన్ని ఎత్తి సర్దిందట. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

తమ్ముడికి ఏ ఉపమానం

అతనికి అందరూ ఇచ్చేది విందు కథే. నేను మత్తయి 21లో ఇద్దరు కుమారుల కథ ఇచ్చాను: పోను అన్నవాడు వెళ్లి పని చేశాడు, పోతాను అయ్యా అన్నవాడు వెళ్లలేదు. మాటలు బాగా వచ్చిన మనిషికి అది సూటిగానే తగులుతుంది. కాస్త ముడుచుకున్నాడు. తర్వాత జక్కయ్య కథకు వెళ్లాం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్న పన్ను వసూలుదారుడి కథకు. నా దగ్గర డబ్బు లేదుగా అన్నాడు. ఉన్నదేంటో చూద్దాం అన్నాను. రాత్రుళ్లు ఉన్నాయి.

వారంలో రెండు రాత్రులు తల్లి పక్కన పడుకోవడం అతని వంతు అయింది. అక్క దగ్గర ఒక మందుల పుస్తకం ఉండేది. వేళ, మాత్ర, రక్తపోటు, తల్లిని ఏ పక్కకు తిప్పిందీ, అన్నీ ఆమె చేతిరాతలోనే. ఆ రెండు రాత్రుల గళ్లు అతని కోడిరాతతో నిండటం మొదలైంది. మొదట్లో వేళలు తప్పు రాశాడు, ఒకసారి అసలు రాలేదు. రానిరోజు సంగతి అతన్నే అక్కకు చెప్పమన్నాను. తల్లి సర్దిచెప్పకుండా చూడటం నా పని అయింది, అది మిగతా అన్నిటికంటే కష్టమైంది.

నేర్చుకున్నవి

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే మొదటి పూటే అడుగుతాను: ఈ విషయంలో మీకు ఎవరు ఏ వాక్యం చెప్పారు? జవాబులోనే ఇంటి పటం కనపడుతుంది. చెప్పినవాడికి దానివల్ల లాభం ఉంటే, ఆ వాక్యాన్ని కొన్నాళ్లు పక్కన పెడతాను, ఎంత మంచిదైనా సరే. ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు కథలు కావాల్సి రావచ్చు. ఈ కుటుంబంలో అక్కకు ఇచ్చింది తల్లికి ఇవ్వలేదు, తల్లికి ఇచ్చింది తమ్ముడికి ఇవ్వలేదు. నీతి ఏంటో నేను చెప్పకుండా ఆపుకోగలిగిన చోటల్లా పని ముందుకు జరిగింది. చెప్పేసిన చోట ఆగిపోయింది. దీవెన విషయంలో నా అలవాటు కూడా మారింది: దీవించమని అడిగేముందు ఆ మనిషి దీవెన పొందిందో లేదో చూస్తాను.

అక్కాతమ్ముళ్లు స్నేహంగా లేరు. ఒకే బల్ల దగ్గర తింటారు, మందుల గురించి మాట్లాడుకుంటారు. ఇల్లు అక్క పేరు మీదే ఉంచాలని తల్లే చివరికి లాయరుతో అంది. తమ్ముడికి అది నచ్చలేదు, నచ్చలేదని చెప్పాడు కూడా. నా వరకు అది మంచి సంకేతమే. ప్రభువు బల్లకు మళ్లీ ఎప్పుడు వెళ్లాలన్నది అక్క ఇష్టానికే వదిలేయమని, ఎవరూ అడగొద్దని పాస్టరును కోరాను. ఆయన మాట నిలుపుకున్నాడు.

ఈ దారి అన్ని ఇళ్లకూ పనికిరాదు. తమ్ముడు తాగుడు మానేశాడు, ఎవరి మీదా చెయ్యి చేసుకున్నవాడు కాదు, కాబట్టే విడివిడిగా నడిపి ఒక దగ్గరికి తేగలిగాను. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో అయితే వీటిలో ఏ ఉపమానమూ తెరవను. ముందు ఆ మనిషి భద్రంగా ఉండే చోటు, డాక్టరు, చట్టపరమైన సాయం చూడాలి. అవతలివాడితో కలిపి కూర్చోబెట్టే మాటే ఉండదు, సంఘం ఎంత తొందరపెట్టినా.